నడుస్తున్న ప్రోగ్రాం ఏ డిపోది?

పత్రికలో చేరిన కొత్తలో నేను ముందుగా నేర్చుకున్నది అనుమానించడం. రాయడం ఆ తర్వాత వచ్చింది. ఎనభైల తొలినాళ్లలో మహబూబ్‌నగర్‌లో పనిచేసేవాణ్ణి. రోజూ సాయంత్రం వార్తలు రాసి కవరులో పెట్టి, పైన 'ప్రెస్, అర్జెంట్' అని రాసి, హైదరాబాద్ పోయే బస్సు డ్రైవర్ చేతికి ఇచ్చేవాణ్ణి. అక్కడ బస్టాండులో మా మనిషి నిలబడి అందుకునేవాడు. ఒకసారి కవరు అందలేదు. ఎండాకాలం నీళ్ల ట్యాంకర్లన్నీ ఒకే వీధికి పోతున్నాయని నేను రాసిన వార్త అందులో ఉంది. డ్రైవర్‌ది ఆ వీధి పెద్దమనిషి ఊరేనని తెలిసింది. ఇంకేం కావాలి? రెండు రోజులు బస్టాండులో తిరిగి కనబడ్డ ప్రతి డ్రైవర్నీ నిలదీశాను.

మూడో రోజు కంట్రోలర్ గదిలోని ముసలాయన నన్ను పిలిచాడు. "ఏం సారూ, రెండొద్దుల సంది బోర్డు సూసి తిరుగుతున్నవు. బస్సు యాడికి పోతదో బోర్డు చెప్తది. యాడ పండుతదో డిపో పేరు చెప్తది. గది సూసినవా?"

చూడలేదు. రోజూ వచ్చే బండి చెడిపోయి, ఆ సాయంత్రం వేరే డిపో బండిని పంపారు. అక్కడ మా మనిషి రోజూ వచ్చే బండి కోసమే చూస్తుండగా, అది ప్రయాణికులను దించి తన డిపోకు పోయి పడుకుంది. కవరు డ్రైవర్ సీటు పైనున్న అరలో, నేను ఇచ్చిన నాటి మడతతోనే ఉంది. ఎవరూ ఏమీ చేయలేదు. డ్రైవర్‌కు నేను క్షమాపణ చెప్పలేదు. పత్రికలో తప్పు వార్తకు సవరణ వేస్తాం, తప్పు అనుమానానికి వేయం. ఈ కథను మాత్రం తర్వాత డెస్కులో కొత్తగా చేరిన ప్రతివాడికీ చెప్పాను, నేను తెలివి తెచ్చుకున్న కథగా.

తొంభైల చివర్లో నల్లగొండలో జిల్లా ఎడిషన్ డెస్కుకు ఇన్‌చార్జిగా ఉన్నాను. గడియార స్తంభం దగ్గర ఒక మేడ మీద మా ఆఫీసు. అప్పటికి కవర్ల కాలం పోతూ ఉంది. హైదరాబాద్ నుంచి ఒక ఇంజనీరు వచ్చి, లినక్స్ అనే కొత్త రకం ఏర్పాటు ఉన్న కంప్యూటర్‌ను, రెండు మోడెంలను పెట్టి పోయాడు. ఒకటి మిర్యాలగూడ, దేవరకొండ, నందికొండ వైపు వార్తలకు. రెండోది సూర్యాపేట, కోదాడ వైపుకు. ఒక్కో లైనుకు ఒక్కో ప్రోగ్రాం పొద్దంతా నడుస్తూ ఉండేది. ఫోన్ మోగితే అదే ఎత్తుతుంది, అవతలి కంప్యూటర్ నుంచి వార్త దించుకుంటుంది, అందిందని అదే రసీదు పంపుతుంది.

వీటిని చూసుకునే ఆపరేటర్‌కు అప్పుడు నలభై నాలుగేళ్లు. మేం అందరం ఆయన్ను భాయ్ అనేవాళ్లం. పద్దెనిమిదేళ్లు అచ్చుకూటంలో సీసం అక్షరాలు పేర్చిన మనిషి. సీసం పోయి ఆ ప్రెస్సు మూతపడ్డాక, నలభై దాటిన వయసులో పిల్లల పక్కన కూర్చుని కంప్యూటర్ నేర్చుకుని మా దగ్గర చేరాడు. పనిలో ఆయనకు కొన్ని పట్టింపులుండేవి. ప్రోగ్రాం మొదలుపెట్టే ముందు తప్పకుండా 'వచ్చినవి' అనే ఫోల్డర్‌లోకి పోయి, అక్కడి నుంచే మొదలుపెట్టేవాడు. ఎందుకని ఒకసారి అడిగాను.

"అక్షరాల పెట్టె ముంగట నిలబడకుంట పేర్చే స్టిక్కు చేత్ల పట్టొద్దని మా ఉస్తాద్ చెప్పిండు సార్. గదే అలవాటు."

నవ్వి ఊరుకున్నాను. ఆ పట్టింపు వెనక అసలైన కారణం ఒకటి ఉందని నాకు తెలియదు. ఆయనకూ చెప్పగలిగినంతగా తెలియదనుకుంటాను. భుజం మీది నుంచి చూసి మొదలుపెట్టడానికి కొట్టే కమాండ్ ముక్క ఒక్కటి నేనూ నేర్చుకున్నాను. ఫోల్డర్‌లోకి పోవడం మాత్రం ఉస్తాద్ గారి ఆచారం కింద జమకట్టి వదిలేశాను.

ఆ ఏడు వానాకాలంలో మేళ్లచెరువు కంట్రిబ్యూటర్ ఒక మంచి పని చేశాడు. ఆయనది ఫోటో స్టూడియో, మాకు వార్తలు రాయడం పక్క పని. సున్నపురాయి నేల అది. ఒక సిమెంటు ఫ్యాక్టరీ దుమ్ము గురించి ఆయన మూడు భాగాల కథనం తయారు చేశాడు. పడుకునేటప్పుడు నీళ్ల కుండకు తడిగుడ్డ కట్టే ఇళ్లు, ఆరబోసిన బట్టలు దులిపి కట్టుకునే వీధి, ఆకు మీద పొర కట్టిన కంది చేలు. ఫోన్‌లో చెబుతుంటేనే అచ్చులో చూసినట్టుంది. కోదాడలో మా వాళ్లంతా కలిసి వాడుకునే కంప్యూటర్ నుంచి పంపుతానన్నాడు. వారం గడిచింది. ఏమీ రాలేదు. ఒకరోజు ఫోన్ చేశాడు.

"సార్, మొన్ననే పంపిన. పోయిందని రసీదు గూడ వచ్చింది. ఇంక ఎయ్యలే?"

"రాలేదే."

"రాలేదా? నిన్న మిగతా రెండు గూడ పంపిన గద."

"ఫ్యాక్స్ చేయరాదా?"

"అమ్మో, వద్దు సార్. గా ఫ్యాక్సు దుకాణంల కాయితం బల్ల మీద ఏసి పెడ్తరు, వచ్చినోడల్లా సదువుతడు. ఫ్యాక్టరోళ్ల మనిషి గాడ్నే కూసుంటడు." గొంతు తగ్గించాడు. "మీ దగ్గర ఎవలన్న ఆపుతున్నరేమో సూడుండ్రి."

రిసీవర్ పెట్టి ఆపరేటర్‌ను అడిగాను. "భాయ్, మేళ్లచెరువు స్టోరీ ఏది?"

"మిషన్ అయితే అందింది అంటాంది సార్. కని ఫోల్డర్ల కనవడ్తలేదు."

"అందిందంటే ఉండాలి కదా."

"ఉండాలె. నాకు గూడ గదే సమజైతలేదు. జర ప్రోగ్రాం ఆపి మళ్ల నడిపియ్యాల్నా?"

"ఏదీ ముట్టుకోవద్దు" అన్నాను. ఆపి మళ్లీ నడిపిస్తే ఆనవాళ్లు చెరిగిపోతాయని నా అనుమానం.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఆ రోజుల్లో కోదాడ లైను మీద రాకుండా పోయింది ఆ ఒక్క కథనమే కాదు. సూర్యాపేట నుంచి రావలసిన మార్కెట్ వార్త, ఒక కబడ్డీ పోటీ, ఒక రోడ్డు ప్రమాదం కూడా రాలేదు. వాటిని పంపినవాళ్లు విసుక్కుంటూ ఫ్యాక్స్ చేశారు, మేం వేశాం. 'ఈ వానలకు టెలిఫోన్ లైన్లు పాడైపోయినయి' అని డెస్కంతా ఒకటే మాట. కబడ్డీ రాకపోతే తీగను తిట్టాం. దుమ్ము కథ రాకపోతే మనిషిని అనుమానించాం. రెండూ ఒకే లైను మీద, ఒకే వారంలో పోయాయి. ఆ రెండిటినీ పక్కపక్కన పెట్టి చూడాలని ముప్పై మంది విలేఖరులకు వార్తలు దిద్దే నాకు తోచలేదు.

తోచకపోవడానికి కారణం ఉంది. ఆపరేటర్ బావమరిది ఆ ఫ్యాక్టరీలోనే డ్రైవర్. ఈ సంగతి మా అందరికీ తెలుసు, ఏనాడూ ఎవరూ పట్టించుకోలేదు. ఇప్పుడు నాకు పదే పదే గుర్తుకు రాసాగింది. ఆ ఆదివారం చుట్టాలకు పానగల్ గుళ్లు చూపించి తిరిగి వస్తుంటే ఎదురుగా ఒక జీపు వచ్చింది. తలుపు మీద ఆ ఫ్యాక్టరీ పేరు. ముందు సీటులో మా ఆపరేటర్. నన్ను చూసి చేయి ఎత్తి సలాం పెట్టాడు. నిర్దోషి అలా పెట్టడనుకున్నాను. పెట్టకపోయినా అదే అనుకునేవాణ్ణి.

తర్వాతి నాలుగు రోజులు ఆయన ఏం చేసినా నా లెక్కకు సరిపోయేది. తొందరగా వస్తే ఎవరూ లేనప్పుడు ఏం పని అనుకున్నాను. ఆలస్యంగా వస్తే ఎవరిని కలిసి వస్తున్నాడో అనుకున్నాను. మధ్యాహ్నం డబ్బా తెరిచి "తినుండ్రి సార్, కైమా" అంటే కడుపు బాగాలేదన్నాను.

హైదరాబాద్ ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. కంట్రిబ్యూటర్ నేరుగా వాళ్లకే ఫిర్యాదు చేశాడు. "మీ దగ్గర ఎవరో ఆపుతున్నారు. సోమవారానికి పేరు రాసి పంపండి. మంగళవారం నుంచి ఆ మనిషి రాడు" అన్నారు. అంతే సంభాషణ. వార్తలు అమ్ముకున్నాడన్న పేరుతో బయటికి పోయిన ఆపరేటర్‌ను జిల్లాలో ఏ పత్రికా మెట్లెక్కనివ్వదు. తిరిగి పోదామంటే సీసం అక్షరాల ప్రెస్సులూ మిగల్లేదు. అది నాకు తెలుసు. తెలిసే రాయడం మొదలుపెట్టాను.

రాసింది కంప్యూటర్‌లోనే. సిబ్బంది గురించిన రహస్య నివేదికలు పెట్టుకోవడానికి నాకొక ఫోల్డర్ ఉండేది. దాని పేరు చుక్కతో మొదలవుతుంది. అలా చుక్క పెడితే మామూలుగా జాబితా అడిగినప్పుడు ఆ ఫోల్డర్ కనబడదని ఇంజనీరు నాకు చెవిలో చెప్పిన కిటుకు. నా నోట్ అందులోనే పెరుగుతూ వచ్చింది. బావమరిది, జీపు, 'అందింది కానీ కనబడడం లేదు' అన్న అనుమానాస్పదమైన వాంగ్మూలం. రోజూ దాన్ని పేరు పెట్టి నేరుగా తెరిచేవాణ్ణి, ఒక వాక్యం చేర్చి మూసేవాణ్ణి. ఆ ఫోల్డర్‌లో ఇంకేముందో ఒక్కసారీ చూడలేదు. నా పెట్టెలో నా సామాను తప్ప ఏముంటుంది?

శనివారం మధ్యాహ్నం వరకు నా నోట్‌లో అనుమానాలే ఉన్నాయి, రుజువు లేదు. హైదరాబాద్ ఇంజనీరుకు ఫోన్ చేసి నా ఊహ చెప్పాను. వార్తలు మాకు కనబడని చోట పడేలా ప్రోగ్రాంను ఎవరైనా నడిపించవచ్చా?

"నడిపించవచ్చు సార్" అన్నాడతను, కోస్తా యాసలో, తాపీగా. "నడిచే ప్రతి ప్రోగ్రామూ ఏదో ఒక ఫోల్డర్‌లో నిలబడే పనిచేస్తుంది. మొదలుపెట్టిన మనిషి ఆ క్షణాన ఏ ఫోల్డర్‌లో ఉంటే అదే దాని చోటు. మన ప్రోగ్రాంకి ఎక్కడ దాచాలో నేను పూర్తి దారి రాయలేదు. అందుకని అది నిలబడ్డ చోటే దాచుకుంటుంది. ఆ చోటేదో సిస్టమ్‌నే అడగొచ్చు. రెండు ముక్కలు కొడితే చాలు."

మొదలుపెట్టిన మనిషి. ఆ మాట నాకు తియ్యగా వినబడింది. ఆ ముక్కలు నేనే కొట్టుకోవచ్చు. కానీ తెర మీద ఆ దొంగచోటు బయటపడేటప్పుడు ఆపరేటర్ ముఖం చూడాలనిపించింది. ఇంజనీరును లైనులో ఉండమని, ఆపరేటర్‌ను పిలిచి కీబోర్డు ముందు కూర్చోబెట్టాను. ఎందుకో చెప్పలేదు. రిసీవర్ చెవికి ఆనించుకుని, వినిపించిందాన్ని వినిపించినట్టు చెప్పసాగాను.

ముందు నడుస్తున్న ప్రోగ్రాంల జాబితా. ఒక్కోదానికి ఒక నంబరు ఉంటుంది. మిర్యాలగూడ లైనుది 398. కోదాడది 412.

"ఇప్పుడు ఎల్ ఎస్, జాగా, అడ్డగీత, ఎల్. మళ్లీ జాగా. స్లాష్ ప్రాక్. స్లాష్ మూడు తొమ్మిది ఎనిమిది. స్లాష్ సీ డబ్ల్యూ డీ."

"గిన్ని స్లాషులా?" అన్నాడు ఆపరేటర్, కొడుతూనే. "దొంగోడు గోడలు దుంకినట్టున్నది సార్."

నేను నవ్వలేదు. దొంగ అన్న మాట ఆయన నోట రావడాన్ని మనసులో రాసుకున్నాను.

మిర్యాలగూడ ప్రోగ్రాం చోటు తెర మీదికి వచ్చింది. ఒక బాణం గుర్తు, దాని పక్కన 'వచ్చినవి' ఫోల్డర్. ఉండవలసిన చోటే ఉంది. "ఇది మంచిగున్నది" అన్నాడు ఆపరేటర్. "ఇప్పుడు రెండోది" అన్నాను, తెరను కాదు, ఆయన్ను చూస్తూ. ఆయన కొట్టింది ఇదీ:

ls -l /proc/412/cwd

ఆయన ముఖంలో ఏమీ మారలేదు. కనుబొమలు మాత్రం దగ్గరికి వచ్చాయి. వంగి చూశాడు. "ఇదేంది సార్, చుక్క తోటి ఉన్నది. చుక్క రిపోర్ట్స్. గీ ఫోల్డర్ ఎవలది? నేనైతే చేయలే."

అప్పుడు తెర చూశాను.

నేనేమీ అనకముందే ఆయన వేళ్లు అలవాటుగా ఆ ఫోల్డర్‌లో ఏముందో జాబితా అడిగాయి. వరసగా వచ్చి పడ్డాయి. సూర్యాపేట మార్కెట్, కబడ్డీ, రోడ్డు ప్రమాదం, ఇంకా ఏవేవో. వాటి మధ్య మేళ్లచెరువు గుర్తుతో మూడు. అన్నీ చెక్కుచెదరకుండా ఉన్నాయి. చివరన నేను రాసుకున్న నాలుగు నివేదికలు, ఒక్కోదానికి ఒక్కో ఉద్యోగం పేరు. నాలుగోదాని పేరు 'ఆపరేటర్'.

ఆయన దాన్ని చదివాడు. తెరవలేదు. చేతులు కీబోర్డు మీది నుంచి మెల్లగా తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

రెండు శుక్రవారాల కిందటి మధ్యాహ్నం నాకు అప్పుడు గుర్తొచ్చింది. ఆయన నమాజుకు పోయాడు. నేను ఈ ఫోల్డర్‌లోనే కూర్చుని ఎవరి నివేదికో రాస్తున్నాను. కోదాడ లైను పట్టేసింది. ఆయన వచ్చేదాకా ఆగడమెందుకని ఆ ప్రోగ్రాంను ఆపి, నేర్చుకున్న ముక్క కొట్టి మళ్లీ నడిపించాను. నడిచింది. నా పనితనానికి నేనే మురిసి తిరిగి నివేదికలో పడ్డాను. ఎవరికీ చెప్పలేదు. చెప్పేంత విషయం అనుకోలేదు.

"ఆ శుక్రవారం నువ్వు నమాజుకు పోయినప్పుడు నేనే నడిపించాను భాయ్" అన్నాను.

"చెప్పకపోతిరి" అన్నాడు. లేచి కుర్చీ వెనక్కి జరిపాడు. "నేను కిందికి పోయి చాయ్ తాగొస్త. మీయి మీరు తీసుకోండ్రి."

చెవిలో ఇంజనీరు ఇంకా ఉన్నాడు. "దొరికిందా సార్? ఎవరు చేశారు?"

"వినబడడం లేదు, లైను బాగాలేదు" అని పెట్టేశాను. ఆ పూట టెలిఫోన్ తీగ మీద నేను వేసిన చివరి నింద అది.

గదిలో నేనొక్కణ్ణే. ఆ నాలుగోదాన్ని చెరిపేయడానికి ఒక్క నిమిషం చాలు. వార్తలు పక్కకు జరిపి, లైను పాడైందని సోమవారం రాస్తే సరిపోతుంది. నమ్మేవాళ్లు నమ్ముతారు. నమ్మనివాళ్లు ఎటూ ఆపరేటర్నే అనుమానిస్తారు. అక్కడే ఆగిపోయాను. నేను మెత్తగా తప్పుకుంటే ఆ చెడ్డపేరు పోయి ఆయన మీదే పడుతుంది. ఏదీ చెరపకుండా అలాగే కూర్చున్నాను.

ఆయన తిరిగి వచ్చి తెర చూశాడు. నాలుగూ ఉన్నాయి.

"చదువు భాయ్" అన్నాను.

"వద్దు సార్. చదివినంక రోజు మీ ముంగట కూసునుడు కష్టమైతది." కుర్చీ లాక్కుని పనిలో పడ్డాడు. వార్తలన్నిటినీ 'వచ్చినవి'లోకి మార్చాడు. 412ను ఆపాడు. ఆ ఫోల్డర్‌లోకి పోయి, అక్కడి నుంచి మళ్లీ నడిపించాడు. కొత్త నంబరు వచ్చింది. ఇందాకటి గోడలన్నీ నేను చెప్పకుండానే దూకి, చోటు సరిచూసుకుని, వేలితో తెర చూపించాడు.

"ఇగ ఇది మన డిపోది. మీ పాలమూరు బస్సు కథ ఈడ పది మందికి చెప్పిన్రు సార్. నేనే నాలుగుసార్లు ఇన్న. మీకు మీరు ఒక్కసారి చెప్పుకోకపోతిరి."

సోమవారం ఉత్తరం చేత్తో రాశాను. పేరు అడిగిన చోట నా హోదా రాసి, ఏ రోజు ఏం చేశానో, ఎన్ని వార్తలు ఎక్కడ పడ్డాయో, ఎవరు వెతికి తీశారో రాశాను. మంగళవారం ఫోన్ వచ్చింది. "ఇకమీద మీరు కీబోర్డు ముట్టుకోవద్దు" అన్నారు. ఆపరేటర్ ఊసే ఎత్తలేదు. ఆయన ఉద్యోగం అలా నిలిచింది. నివేదికల ఫోల్డర్‌ను ఆ సాయంత్రమే తీసేయించాను, ఆయన చేతనే. తెరకు పైన ఆయన ఒక చీటీ అంటించాడు, కంపోజిటర్ల గుండ్రటి అక్షరాలతో: 'నడిపించే ముందు ఎక్కడున్నారో చూసుకొనవలెను'.

బుధవారం నుంచి మూడు రోజులు దుమ్ము కథనం వేశాం. చివరి భాగం వచ్చిన పొద్దున మేళ్లచెరువు నుంచి ఫోన్.

"మస్తు వచ్చింది సార్. ఊర్ల పేపర్ దొరుకుతలేదు. గని ఇన్నొద్దులు ఆపింది ఎవలు?"

"నేనే. పొరపాటున నా ఫోల్డర్‌లో పడ్డాయి."

అవతల నవ్వు. "మీరు భలే పెద్దమనిషి సార్. మీ మనిషిని ఎంత కాపాడుతున్నరు! నాకైతే గా ఆపరేటర్ మీద మొదటిసంది డౌటే. బావమరిది ఫ్యాక్టరీల ఉండె."

"కాదయ్యా, నిజంగా నేనే."

"సరే సార్, సరే. మీరన్నరంటే గంతే." ఇంకా నవ్వుతూనే ఫోన్ పెట్టేశాడు.

రిసీవర్ చేతిలో పట్టుకుని అటు చూశాను. ఆపరేటర్ తల తిప్పలేదు కానీ వింటున్నాడని తెలుసు. ఆ కంట్రిబ్యూటర్‌కు మరో రెండుసార్లు చెప్పి చూశాను. ప్రతిసారీ నా మంచితనం పెరిగింది తప్ప ఆయన అనుమానం తగ్గలేదు.

ఆ తర్వాత నాలుగేళ్లు ఒకే గదిలో పనిచేశాం. పానగల్ దారిలో ఆ జీపులో ఎక్కడికి పోతున్నాడని నేను అడగలేదు. అడిగితే దవాఖానకనో, పెళ్లికనో ఏదో మామూలు సంగతి చెప్పేవాడు. ఆ మామూలు సంగతి వినడానికి నాకు ముఖం చెల్లలేదు.